నలభై పుంజుల్లో ఒకడు

పిట్టలాయన వచ్చి కూర్చుంటే టీకొట్టు బల్లకే ఆవలింత వస్తుంది. నలభై ఎనిమిదేళ్ళు, మూడు సంబంధాలు తప్పిపోయిన మొహం. తెల్లవారే వేళకి బీడులోకి పోయి, పెట్టల మెప్పు కోసం ఎన్ని అడవిపిట్టల పుంజులు ఆడాయి, ఏ పెట్ట దేన్ని మెచ్చింది అని పిట్టల లెక్కల ఆఫీసు పుస్తకంలో గీతలు గియ్యడం ఆయన ఉద్యోగం. ఇవాళ వాళ్ళక్క ఓ దర్జీ ఆవిణ్ణి టీ వంకతో తీసుకొచ్చి ఎదురుగా కూర్చోబెట్టింది. ఇదీ తప్పితే ఇంకో సంబంధం చూసే ఓపిక తనకి లేదని ముందే చెప్పేసింది కూడా.

"ఏదో ఒకటి మాట్లాడరా" అని గొణిగింది అక్క.

"మాట్లాడడానికేముందక్కా" అని నిట్టూర్చాడు. "నలభై పుంజులు రొమ్ము పొంగించి, తోక విప్పి, కాళ్ళరిగేలా ఆడతాయండీ. పెట్టలొస్తాయి, అటూ ఇటూ చూస్తాయి, అన్నీ పోయి ఆ నడిమి పుంజు పక్కనే చేరతాయి. మిగతా ముప్ఫై తొమ్మిదీ మర్నాడు మళ్ళీ వస్తాయి, సిగ్గులేకుండా, నాలాగే. సరే, నిన్న కాళ్ళు తిమ్మిరెక్కి రెండడుగులు తొక్కానా, ఓ పెట్ట తల తిప్పి చూసింది."

"జాలిపడి ఉంటుంది" అన్నాడు టీ కొట్టాయన.

"ఆ తర్వాతేమైందో తెలుసా? ఇంకో నాలుగడుగులు తొక్కాను, పన్నెండొచ్చాయి, ఒకదాన్ని చూసి ఒకటి వస్తాయి, వాటి బుద్ధే అంత, ఇక తువ్వాలు వెనక్కి పట్టుకుని తోకలా విసిరేసరికి రోడ్డు దాకా బారు తీరాయి, రెండు బస్సులాగిపోయాయి, ఆ నడిమి పుంజు నా దగ్గరికొచ్చి తల వంచి, గురువుగారూ ఆ రెండో అడుగు ఇంకొక్కసారి అని అడిగింది."

"నోటితోనే అడిగిందా?" దర్జీ ఆవిడ మొదటిసారి పెదవి విప్పింది.

"కళ్ళతోలెండి" అని సర్దుకున్నాడు. ఇంత చెప్పేసరికి ఆయనకే ఆయాసం వచ్చింది. "వాటినొదిలెయ్యండి. గడ్డి పక్కన ఒక్క పెట్ట మాత్రం మూడు గంటలు రెప్ప వెయ్యకుండా నన్నే చూసింది. వానొచ్చినా కదల్లేదు. పోయొస్తానని దానికి చెప్పి మరీ వచ్చాను."

పక్క బల్ల దగ్గర టీ తాగుతున్న ఆఫీసు జీపు డ్రైవర్ గ్లాసు కింద పెట్టాడు. "అన్నా, అది గడ్డి కూరిన బొమ్మ. ఒక పెట్ట ఉంటే తక్కినవి వస్తాయేమో చూద్దామని ఆఫీసువాళ్ళిచ్చారు. నువ్వే పెట్టావు, నువ్వే మర్చిపోయావు. తడిసి ముద్దయితే జీపులో ఆరేశాను."

కొట్టంతా నవ్వింది. అక్క తల పట్టుకుంది.

"బొమ్మేనా?" అన్నాడు పిట్టలాయన. కోపం తెచ్చుకోవడానికి కూడా శక్తి లేదు. "పోన్లే. చివరిదాకా కూర్చున్నది అదొక్కటే."

దర్జీ ఆవిడ సంచి భుజాన వేసుకుని లేచింది. నాలుగోది కూడా పోయిందనుకుని ఆయన చల్లారిన టీలోకి చూస్తూ ఉండిపోయాడు.

"మీ భుజం దగ్గర కుట్టు ఊడిందండీ" అందావిడ. "రేపు చొక్కా పట్టుకుని షాపుకి రండి, వేసిపెడతాను. ఆ బస్సుల్ని మాత్రం ఇక్కడే ఆపి రండి."