మా గుమ్మం పక్కన టార్చి మేడం చుట్టిన సున్నా

పంతొమ్మిది వందల తొంభై రెండో సంవత్సరం జూలై ఆరో తేదీ, సోమవారం ఉదయం పది గంటలకు, ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న మా మాన్య సహోద్యోగిని, దోమల నియంత్రణ విభాగపు ఇన్‌స్పెక్టరు గారు, ఈ కార్యాలయంలో తొలిసారి అడుగుపెట్టారు. పది గంటల ఐదు నిమిషాలకు, ఇంకా హాజరు పట్టీలో సంతకమైనా పెట్టకముందే, కిటికీ దగ్గర నేను ముచ్చటపడి సీసాలో పెంచుకుంటున్న తీగమొక్క నీళ్ళు బయటికి ఒంపేశారు. "ఎవరండీ మీరు?" అని నేను లేచి నిలబడితే, "ఇవాళే చేరానండి. ఈ నీళ్ళు మార్చి ఎన్నాళ్ళయింది?" అన్నారు. ముప్పై మూడేళ్ళుగా మా ఇద్దరి మధ్య సంభాషణ ఇంచుమించు ఇదే ధోరణిలో సాగుతోంది.

ఈ ప్రత్యేక సంచికకు వ్యాసం అడుగుతూ సంపాదక సంఘం వారు, "ఒక్క పేజీ చాలండి, నాలుగు మంచి మాటలు రాయండి" అన్నారు. ఆవిడ గురించి మంచి మాటలకు కొదవ లేదు. విసుక్కోకుండా రాయమంటేనే నా వల్ల కాదు. నిష్ఠ, నిరాడంబరత, నిర్విరామ శ్రమ, నిష్కర్ష మూర్తీభవించిన వ్యక్తి పక్క బల్ల దగ్గర కూర్చుంటే రోజు ఎలా గడుస్తుందో దూరం నుంచి నమస్కరించే వారికి తెలియదు. ఆ పక్క బల్ల నాది. అప్పట్లో గుమస్తాని, ఇప్పుడు హెడ్ గుమస్తాని.

తొలి దశాబ్దంలో ఆవిడ ఈ ఊళ్ళో ఎక్కని డాబా లేదు, తొంగిచూడని తొట్టి లేదు. ఒక చేతిలో పొడుగుకాడ తెల్ల గరిటె, మరో చేతిలో టార్చి, భుజాన గాజుసీసాల సంచి. పట్టపగలు టార్చి వేసుకుని తిరిగే మనిషిని చూసి వీధుల్లో మొదట నవ్వుకున్నారు, తరువాత "టార్చి మేడం" అని పేరు పెట్టారు, ఇప్పుడు హాజరు పట్టీలో తప్ప ఆవిడ అసలు పేరు ఇంకెక్కడా మిగల్లేదు. మూసి ఉన్న తొట్టిలో చీకటిగా ఉంటుందని, అడుగున మెలికలు తిరిగే దోమ పిల్లలు టార్చి వెలుగు పడితేనే కనబడతాయని నవ్విన వారికి తట్టలేదు. కనబడ్డ వాటిని గరిటెతో ముంచి, సీసాలో పోసి, ఇంటివారి కళ్ళముందు పెట్టి, "ఇవి మీవేనండి" అనేవారు. ఆ మాట విని సంతోషించిన గృహస్థును నేనింతవరకు చూడలేదు.

ప్రజలు మాత్రం తక్కువ వారా? వానలు మొదలైతే చాలు, కార్యాలయానికి వచ్చే ప్రతివారిదీ ఒకే పాట. మా వీధి చివర బట్టలు కుట్టే దర్జీ గారితో ఆవిడ మాట్లాడటం నేను కనీసం వందసార్లు విని ఉంటాను.

"మేడం, పొగ బండి ఎప్పుడొస్తుందండీ?"

"పొగ ఎగిరే దోమలకండి. మీ షాపు వెనక పాత టైర్లలో ఉన్నవి ఇంకా ఎగరడం లేదు."

"అవి శుభ్రమైన వాననీళ్ళేనండీ! మురుక్కాలవ సంగతి చూడరేం?"

"డెంగ్యూ దోమకి ఆ శుభ్రమైన నీళ్ళే కావాలండి. మురుగు దానికి పడదు."

"సరే గానీ, పొగ బండి ఎప్పుడొస్తుంది?"

ఇక్కడ నేనైతే తల గోడకేసి కొట్టుకునేవాణ్ణి. ఆవిడ మళ్ళీ మొదటినుంచి చెప్పేవారు. ఆ దోమ పగటిపూట కుడుతుందని, గుడ్డు దోమై ఎగరడానికి వారం పది రోజులు చాలునని, అందుకే ప్రతి శుక్రవారం నీళ్ళున్న ప్రతి పాత్రా ఖాళీ చేయాలని, ఒంపేస్తే సరిపోదని, తొట్టి గోడలకు అంటుకున్న గుడ్లు ఎండలోనూ నెలల తరబడి చావవు గనుక గట్టిగా రుద్ది కడగాలని, మూత పెట్టాలని వివరించేవారు. చెవిలో ఇల్లు కట్టుకుని పోరినట్టు, ఏళ్ళ తరబడి, అవే మాటలు. నాకే కంఠతా వచ్చేశాయి. కంఠతా రావడం వేరు, పాటించడం వేరు అన్న విషయానికి ఇప్పుడు వస్తున్నాను.

తనిఖీ చేసిన ప్రతి ఇంటి గుమ్మం పక్కనా ఆవిడ సుద్దముక్కతో తేదీ రాసేవారు. ఆ ఇంట్లో దోమ పిల్లలు దొరికితే తేదీ చుట్టూ సున్నా చుట్టేవారు. వచ్చే వారం మళ్ళీ చూడాలన్న గుర్తు అది, అంతే. కానీ వీధిలో అది పరువు లెక్కయిపోయింది. సున్నా పడ్డ ఇంటివారు తడిగుడ్డతో తుడిచేసేవారు, పడని వారు పండుగలా చూసుకునేవారు. మా సిబ్బందిలో మరొక మర్యాద నడిచేది. సహోద్యోగుల ఇళ్ళకు తనిఖీకి వెళ్ళకుండానే అంతా బాగున్నట్టు రాసుకునేవాళ్ళం. ఎవరూ ఆదేశించలేదు, ఎవరూ ప్రశ్నించలేదు. ప్రశ్నించింది ఈవిడ ఒక్కరే. "ఇవి మన ఇళ్ళని దోమకు ఎలా తెలుస్తుందండీ?" అని అడిగి, రెండు వేల నాలుగు ఆగస్టు ఇరవయ్యో తేదీ శుక్రవారం, నేను కార్యాలయంలో ఉండగా, మా డాబా ఎక్కారు.

మా డాబా మీద ఒక రేకు బోర్డు ఉండేది. అంతకుముందు వానాకాలం ప్రచారానికి చేయించిన బోర్డుల్లో మిగిలినది. కార్యాలయంలో చోటు లేక ఇంటికి తెచ్చి పెట్టుకున్నాను. నాలుగంచులూ పైకి మడిచిన ఆ బోర్డు వెల్లకిలా పడి ఉంది. అందులో నాలుగు వేళ్ళ లోతు వాననీరు, ఆ నీటి నిండా దోమ పిల్లలు, వాటి కింద మా విభాగం ఎర్రటి అక్షరాలతో రాయించిన "నీరు నిల్వ ఉండనివ్వకండి" అనే హితవు. మేడం గరిటెతో ముంచి, సీసాలో పోసి, మా ఆవిడకు చూపించి, మిగిలిన నీళ్ళు ఒంపేసి, బోర్డును గోడకు ఆనించి, కిందికి దిగి, మా గుమ్మం పక్కన తేదీ రాసి దాని చుట్టూ సున్నా చుట్టి వెళ్ళిపోయారు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వీధి వీధంతా ఆ సున్నాను చూసేసింది. దర్జీ గారైతే తన షాపు గుమ్మంలోనే నవ్వుతూ నిలబడ్డారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడే అధికారికి ఫిర్యాదు రాసిచ్చాను. మా ఇంట నీటి నిల్వ ఏనాడూ లేదని, బోర్డు ఎల్లప్పుడూ గోడకు ఆనించే ఉంటుందని, వ్యక్తిగత కక్షతో సహోద్యోగిని అవమానపరచడానికే సున్నా చుట్టారని చక్కని దస్తూరీతో రాశాను. సోమవారం అధికారి వచ్చి చూస్తే బోర్డు గోడకు ఆనించి ఉంది, డాబా పొడిగా ఉంది. ఆవిడ శుభ్రం చేసిన డాబాయే ఆవిడకు వ్యతిరేకంగా నా సాక్ష్యమైంది. మేడం సీసా చూపిస్తే, "ఇవి ఏ ఇంటివో ఎవరికి తెలుసు?" అన్నారు అధికారి. ఆవిడకు మెమో వచ్చింది. తనిఖీల నుంచి తప్పించి జనన మరణాల నమోదు కౌంటరులో కూర్చోబెట్టారు. ఆవిడ స్థానంలో వచ్చినాయన టీ కొట్టు దాటి వెళ్ళకుండానే వీధులన్నీ తనిఖీ చేసేవాడు.

మరుసటి ఏడు వానలకు ఊళ్ళో డెంగ్యూ విరుచుకుపడింది. మా ఆవిడకు ఒక్కసారిగా తీవ్ర జ్వరం, కళ్ళ వెనక నొప్పి, ఒళ్ళంతా విరిచేసినట్టు నొప్పులు. పరీక్షలో డెంగ్యూ అని తేలింది. ఇంట్లోనే ఉంచి నీళ్ళూ ద్రవాలూ బాగా పట్టమన్నారు, జ్వరానికి పారాసిటమాల్ తప్ప మరే నొప్పి మాత్రా వేయవద్దన్నారు. ఐదో రోజు ఉదయం జ్వరం పూర్తిగా దిగింది. నేను ఉత్సాహంగా కార్యాలయానికి వచ్చి, "గండం గడిచింది" అని అందరికీ చెప్పుకుంటున్నాను. ఏడాదిగా నాతో పొడిమాటలు తప్ప మాట్లాడని మనిషి, కౌంటరులోంచి లేచి వచ్చారు.

"జ్వరం ఎప్పుడు తగ్గిందండీ?"

"తెల్లారేసరికి తగ్గింది."

"కడుపునొప్పి ఉందా? వాంతులు?"

"కడుపులో కొంచెం నొప్పిగా ఉందంది. రెండుసార్లు కక్కింది. నీరసం కదండీ. పడుకోబెట్టి వచ్చాను."

"పడుకోబెట్టి వచ్చారా!" అన్నారు ఆవిడ. ముప్పై మూడేళ్ళలో ఆవిడ గొంతు పెంచగా విన్నది ఆ ఒక్కసారే. "జ్వరం దిగాకే అసలు ప్రమాదమని మీ చేత్తో మీరే ఎన్ని కరపత్రాలు రాశారండీ? పదండి!"

నిజమే, రాసింది నేనే. "జ్వరం తగ్గిన తరువాత ఒకటి రెండు రోజులు మిక్కిలి కీలకం. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగత, చల్లబడిన చేతులు కాళ్ళు కనిపిస్తే తక్షణమే ఆసుపత్రికి తరలించాలి." అచ్చుతప్పులు దిద్దింది కూడా నేనే. ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ మగతగా పడి ఉంది. మేడం పాదాలు పట్టుకు చూసి, "మంచులా ఉన్నాయి, బండి పిలవండి" అన్నారు. బండి రావడానికి ఐదు నిమిషాలు పట్టింది. నేను మా ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, ఈ మహాతల్లి డాబా మెట్లెక్కి పైకి వెళ్ళారు. "ఇప్పుడా మేడం!" అని కిందినుంచి అరిచాను. డాబా నీళ్ళు వాన గొట్టంలోంచి జారిపడిన చప్పుడు వినిపించింది. కిందికి దిగి వచ్చి, చేతులు తుడుచుకుంటూ, "బోర్డు మళ్ళీ పడిపోయిందండి. గాలికి అయ్యుంటుంది" అన్నారు. అంతే.

ఆసుపత్రిలో డాక్టరు గారు, "రక్తపోటు పడిపోతోంది. సాయంత్రం దాకా ఆగి ఉంటే మా చేతుల్లో ఉండేది కాదు" అన్నారు. మూడు రోజులు సెలైను ఎక్కించాక మా ఆవిడ కళ్ళు తెరిచి మామూలుగా నామీద విసుక్కుంది. నాకు పోయిన ప్రాణం తిరిగి వచ్చింది.

ఆ వానాకాలం అనుభవంతో ఆవిడను తిరిగి తనిఖీలకు పంపారు. ఆనాటి నుంచి మా పరిధిలో సిబ్బంది ఇళ్ళ తనిఖీ తప్పనిసరి అయింది. పాఠశాల విద్యార్థుల చేత ఎవరి ఇల్లు వారే వారం వారం చూసుకునే అలవాటు చేయించిన ఘనత కూడా ఆవిడదే. కానీ ఆ మెమో మాత్రం సర్వీసు పుస్తకంలో అలాగే ఉండిపోయింది. పర్యవేక్షకురాలి పదవికి ఆవిడ పేరు రెండుసార్లు వెళ్ళింది, రెండుసార్లూ ఆ మెమో చూపించే వెనక్కి వచ్చింది. ఇన్‌స్పెక్టరుగా చేరిన మనిషి ఇన్‌స్పెక్టరుగానే వెళ్ళిపోతున్నారు. ఆ ఫైళ్ళు రెండుసార్లూ నా బల్ల మీదుగానే నడిచాయి.

ఇరవై ఏళ్ళుగా మా ఆవిడ నన్ను ఒకటే అడుగుతోంది, "ఏవండీ, ఆ కాగితం వెనక్కి తీసుకున్నారా?" అని. చూద్దాంలే అంటూ వచ్చాను. మొన్న ఈ సంచికకు వ్యాసం రాయబోతున్నానని చెబితే, చేస్తున్న పని ఆపి నావైపు చూసింది.

"ఆ సీసాలో పురుగుల్ని నేను కూడా చూశాను. మీరు అబద్ధం రాశారని తెలిసీ నోరు మూసుకున్నాను, నాకూ సిగ్గుగానే ఉంది. ఆవిడ వెళ్ళిపోయాక ఎవరికి చెప్పుకుంటారు, గోడకా?"

మర్నాడు మా ప్రస్తుత అధికారి గారికి రాతపూర్వకంగా నా ఫిర్యాదు ఉపసంహరణ ఇచ్చాను. ఆయన చదివి, "వారంలో రిటైరయ్యే మనిషి ఫైలు ఇప్పుడు తిరగదోడటం ఎందుకండీ? ఆవిడేమైనా అడిగారా?" అన్నారు. "అడగలేదండి. అడిగితే ఎప్పుడో ఇచ్చేసేవాణ్ణేమో" అన్నాను. అందినట్టు ముద్ర వేశారు. ఆ బల్ల మీద కాగితాలు ఎంతకాలం నిద్రపోగలవో, వాటిని అక్కడికి మోసిన నాకు బాగా తెలుసు గనుక, సారాంశాన్ని ఇక్కడే అచ్చు వేయిస్తున్నాను. సంపాదక సంఘం వారు "ఇది సందర్భం కాదేమో" అన్నారు. ఇంతకన్నా సందర్భం నాకు మిగల్లేదు.

రెండు వేల నాలుగు ఆగస్టు ఇరవయ్యో తేదీన మా డాబా మీద దోమ పిల్లలు ఉన్నాయి. అవి మావే. ఇన్‌స్పెక్టరు గారు చుట్టిన సున్నా సరైనది. నా ఫిర్యాదు అబద్ధం. ఈ ముక్కను ఆవిడ కుటుంబ సభ్యులూ, ముఖ్యంగా అమ్మ ఎందుకు పైకి రాలేదని అనుకుని ఉండే ఆవిడ పిల్లలూ చదవాలని నా కోరిక.

మేడం, ఈ సంచిక మీ చేతికి అందే వరకు ఇదేదీ మీకు తెలియదు. నేను ఆనాడు తడిగుడ్డతో తుడిచేసిన సున్నాను, ఆ తేదీతో సహా, మా గుమ్మం పక్కన మళ్ళీ చుట్టాను. సుద్దతో కాదు, వానకు చెరగకుండా రంగుతో. ఇదేమిటని వీధిలో అడిగిన వారికి మా ఆవిడ నిలబెట్టి మరీ చెబుతోంది. దర్జీ గారికి రెండుసార్లు చెప్పింది. ఆయన అంతా విని, పొగ బండి ఎప్పుడొస్తుందని అడిగారు.

ఇక విశ్రాంతి తీసుకోండి అని నేను చెప్పను, చెప్పినా మీరు వినరు. మీ మోకాళ్ళు మరో ముప్పై ఏళ్ళు మెట్లెక్కాలని, మీ చూపు తొట్టి అడుగు దాకా ఇలాగే అందాలని, పిల్లాపాపలతో నిండు ఆరోగ్యంతో నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలని మా ఇంటిల్లిపాదీ మనసారా కోరుకుంటున్నాం. వచ్చే శుక్రవారం మా ఇంటికి రండి. ఆ సున్నా ఉంచాలో చెరపాలో మీరే నిర్ణయించండి. కానీ ముందు డాబా ఎక్కి చూడండి. టార్చి మరిచిపోకండి.