బండి నీళ్లు ఎవలు తాగిండ్రు?

మూత బిగించిన డబ్బాల నీళ్లు పోసిపెడితే, కింద చుక్క పడకుంట, ఎవలూ ముట్టకుంట తక్కువైతయా? జమునా, నువ్వు చెప్పు. అరుణ్, నువ్వు అందియ్యకు, నీ వంతు తర్వాత. ఆఁ? కావంటవా? మరి మీ బాపు ఏమన్నడు? "కోమలనే ఎండవెట్టింది" అన్నడు! నా మనుమరాలిని, నలుగురి నడుమ, కంచం ముందట కూసున్నదాన్ని!

కోపం కాదు బిడ్డా, పాఠం. కోపమైతే గిట్ల నిమ్మళంగ కూసోని చెప్తనా?

సరే, కోపమే. మొదటి నుంచి చెప్త, వినుండ్రి.

గా కారు ఎవలది? మీ పెద్దబాపుది. మస్కట్ల ఎండల నిలవడి కొన్న బండి. నడిపేది ఎవలు? ఆయన బిడ్డ, మీ కోమలక్క. పొద్దుగాల ఖానాపూర్ల పంతులమ్మలను ఎక్కిచ్చుకొని, ఉట్నూర్ దిక్కు బడులకాడ దించి, పొద్దుగూకంగ తోలుకొచ్చేది. నేను పంతులమ్మగ బడికి పోయినన్ని ఏండ్లు జీపు ఎనుక కమ్మి పట్టుకొని ఏలాడిన. నా మనుమరాలు స్టీరింగ్ పట్టుకొని పంతులమ్మలను కూసోవెట్టుకొని పోతుంటే నాకెట్లుంటది? మీరే చెప్పుండ్రి.

దసరా దాటినంక కూలెంట్ తక్కువైతుందని ముందుగాల కనిపెట్టింది గా పిల్లనే. కూలెంటంటే ఏందిరా అరుణ్? తెల్వదా? ఇంజన్ వేడిని మోసే గులాబిరంగు నీళ్లు. ఇంజన్ చుట్టు తిరిగి వేడి తీసుకుంటయి, ముందట రేడియేటర్ల గాలికి చల్లారుతయి, మళ్ల లోపటికి పోతయి. అంతా మూసిన తొవ్వ. ఇప్పటి బండ్లల్ల మాటిమాటికి తగ్గద్దు. తగ్గిందంటే ఎక్కడ్నో సందు దొరికినట్టే.

మీ బాపు ఏం చేసిండు? చూసిండా? అడిగిండా? మన పక్కింటి చంద్రవ్వ మనుమని తొట్టెల దావత్ల అందరు తింటుంటే లేచి, "ఆడపిల్ల చేతికి బండి ఇస్తే గిట్లనే ఉంటది, ఇంజన్ నీళ్లన్ని ఎండవెట్టింది" అని తాళాలు గుంజుకున్నడు. కోమల కలిపిన ముద్ద కలిపినట్టే ఇడిసి లేచింది. ఒక్కలు గూడ కూసోమనలే. నేను చూసిన. ఇప్పటికీ నేను అన్నం కలిపితే ఆ ముద్దే కండ్ల ముందట.

తప్పు ఎవలదో తేల్చి, ఆ నోటితోనే ఒప్పిస్తనని ఆడ్నే ఒట్టు పెట్టుకున్న. మీ బాపు కొండల్ నా కడుపున పుట్టిన కొడుకే. అయితే? నా బడిల చదివిన నాడు కొడుకని ఒక్క మార్కన్న ఎక్కువేసిన్నా?

తెల్లారి ఇంజన్ చల్లగున్నప్పుడు పోయిన. వేడిమీద ఎన్నడు మూత తియ్యద్దు, మొకం మీదికి చిమ్ముతది, యాదుంచుకోండ్రి. కూలెంట్ పోసే డబ్బా బయటికెల్లే నీళ్ల మట్టం కనవడ్తది. సరిగ ఆ మట్టం కాడ నా నొసట బొట్టుబిళ్ల తీసి అతికిచ్చిన. బండి కింద అట్టపెట్టె చింపి పరిచిన.

మీ బాపు తీస్కపోయిండు, తీస్కొచ్చిండు. తెల్లారి మళ్ల చల్లారినంక చూస్తే నీళ్లు బిళ్ల కిందికి దిగినయి. అట్ట మీద చుక్క లేదు. ఇప్పుడు నడిపింది ఎవలు? కోమల బండి మొకం సుత చూడలే గదా! అప్పుడే అడగచ్చు. అడగలే. కారణం దొరకకుంట నోరు తెరిస్తే "ముసలిదానికేం ఎరుక" అంటడు.

కింద కారకపోతే ఇంజన్ లోపటికి పోయి కాలుతుండాలె. అట్లయితే పొగగొట్టం తెల్లగ పొగ ఇడుస్తది, తియ్యటి వాసనొస్తది, ఆయిల్ చూసే పుల్ల తీస్తే పాలు కలిపిన ఛాయ్ లెక్క ఉంటది. మెకానిక్ జహీర్‌ను పిలిచి చూపిచ్చిన. "లోపట సాఫ్ ఉంది టీచరమ్మా, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నడు. ఇంక మిగిలిందేంది? చెప్పు జమునా. శబాష్! ఆవిరి. ఆవిరి ఏడికెల్లి తప్పిచ్చుకుంటది? మూతకెల్లి.

మూత తీసి తిప్పి చూసిన. లోపట రబ్బరు చుట్టు ఉంటది. అది బిగుసుకుంటేనే ఆవిరి ఆగుతది. దాని కింద ఏమున్నదనుకున్నరు? కొబ్బరి పీచు! పసుపు పట్టిన కొబ్బరి పీచు!

దసరా నాడు మీ బాపు బండికి పూజ చేసిండు, యాదికుందా? "ఆడోళ్లు ముట్టద్దు, దూరముండుండ్రి" అన్నడు. పండుగపూట నీళ్లు నిండుగుండాలని బానెట్ లేపి, మూత తీసి, కూలెంట్ పోసిండు. తీసిన మూత ఎక్కడ పెట్టిండు? పూజ పళ్లెంల, కొట్టిన కొబ్బరికాయ పక్కన. మళ్ల గా పసుపు చేతుల్తోనే బిగిచ్చిండు. దేవునికి దండం పెట్టిండు గని మూత దిక్కు చూడలే.

కడిగి, తుడిచి, బిగిచ్చిన. నీళ్లు మళ్ల పోసి, బిళ్ల కాడికి తెచ్చిన. ఇగ దిగలే. చెప్పుదామని మీ బాపు కాడికి పోయిన. నేను నోరు తెరవకముందే ఏమన్నడో ఎరుకేనా? "చూసినవానే అవ్వా, మొగోడు నడిపితే చుక్క తగ్గతలేదు!"

మింగిన. ఆ మాటను అట్లనే మింగి పెరట్లకొచ్చిన.

బడిల మీకేం చెప్తరు? కారణం తీసేస్తే ఫలితం ఆగుతే అది సగం రుజువే. కారణం మళ్ల పెడితే ఫలితం మళ్ల రావాలె. అప్పుడు పూర్తి రుజువు. పీచు నేను పారెయ్యలే. కొంగున ముడేసుకున్న.

మొన్న ఐతారం మీ బాపు ఒక్కడే మీ అమ్మమ్మోళ్ల ఊరికి పోయిండు. వాకిట్ల ఇంజన్ బందు చెయ్యకుంట, ఏసీ ఏసి, మీ తాత హనుమండ్లకు బండి చూపెడుతుండట. బానెట్ కిందికెల్లి బుస్సున ఆవిరి! ఊరంత జమైంది. జహీర్‌ను పిలిపిచ్చిండ్రు. అతను చల్లారనిచ్చి, మూత ఇప్పి, పీచు గుంజి పైకి పట్టుకొని, "పూజ ఎవలు చేసిండ్రు భయ్యా?" అని అడిగిండట. మీ తాత ఊకుంటడా? "మా అల్లుడేనయ్యా! బండి ఉపాసముంటదని కొబ్బరి తినిపిచ్చిండు!" ఆ నవ్వు ఈడిదాక ఇనవడ్డది నాకు.

ఇంటికొచ్చి తాళాలు మంచం మీద ఇసిరేసిండు. కోమల తీసుకున్నది. ఇయ్యాల పంతులమ్మలతోని ఉట్నూర్ పోయింది.

ఏందిరా అరుణ్, కండ్లు అంత పెద్దగ చేస్తున్నవ్? ఔ, మల్ల పెట్టింది నేనే. ఇంజన్ ఖరాబైతే అంటవా? నిండా పోసే పంపిన. దగ్గరి ఊరే. ఇంజన్ మస్తు వేడైందని చెప్పే ఎర్రలైటు రాకముందే ఆవిరి లేసి చెప్తదని ఎరుకే. అయినా ఆ పూట నాకు ముద్ద దిగలే. నిజం చెప్తున్న. దిగలే గని, ఉరికిపోయి పీచు సుత తియ్యలే.

తాళాలైతే వచ్చినయి. "తప్పయింది బిడ్డా" అన్న మాట మటుకు మీ బాపు నోటికెల్లి ఇంక రాలే. కోమల ముందటికెల్లి పోతుంటే గోడ దిక్కు చూస్తుండు. నా కసి ఏడ తీరింది?

చాడీలు చెప్పద్దని మీకు నేర్పిన. ఇయ్యాల మాఫ్. పోయి మీ బాపుకు చెప్పుండ్రి, పీచు పెట్టింది మీ బాపమ్మనే అని. వచ్చి కొట్లాడుమనుండ్రి. గని ముందుగాల కోమల కాడికి పోయి, తప్పయిందని చెప్పి రావాలె, అందరు ఇనంగ.

జరుగుండ్రి, పచ్చిపులుసు సగం పిసికి వచ్చిన. పొద్దుగూకింది, అన్నం యాళ్లయితుంది, కోమల, మీ బాపు వస్తరు. ఉప్పు ఇంక ఎయ్యలే. అందరికీ ఏస్త. వాని గిన్నెల ఏసుడా వద్దా అన్నది, వాడు కోమలతోని ఏమంటడో చూసినంక.