కృపావరం మేష్టారి శిష్యులు

రంగూను హోటలు బ్యాండులో జాజ్ డ్రమ్ములు వాయించి వచ్చి, ఏలూరులో పాఠాలు చెప్పుకుంటున్న కృపావరానికి 1936లో కుడిచెయ్యి పడిపోయింది. మరుసటేడు వానాకాలంలో ఒక సాయంత్రం ఆయనా, భార్య దేవకుమారీ మాట్లాడుకుంటున్నారు.

“మళ్లీ అడుగుతున్నాను. వెంకట్రాజు ఎందుకు రాలేదు?”

“వస్తాడులెండి. ముందు ఈ జావ తాగండి.”

“జావ సంగతి కాదే! రేపు మద్రాసు నుంచి బ్యాండుమాస్టరు దిగుతున్నాడు, నా శిష్యుణ్ణి విని తన బ్యాండులోకి తీసుకోవడానికి. ఆ శిష్యుడేడీ?”

“కొల్లేరు పొంగింది కదండీ. దారులన్నీ...”

“తాడేపల్లిగూడెం నుంచి రావడానికి కొల్లేరు అడ్డమేవిటే? రైలు తిరుగుతోందిగా!”

“తిరుగుతోందనుకోండి...”

“అనుకోవడమేంటి? పొద్దున్న మనమ్మాయి సరోజ పాఠాలు చెప్పడానికి ఆ రైల్లోనేగా గూడెం బడికి వెళ్లింది!”

“వాళ్ల మిల్లులో పని తెమల్లేదేమో.”

“ఇందాక కొల్లేరు. ఇప్పుడు మిల్లు. తాళం తప్పినట్టుండాలిరా, తప్పకూడదురా అని వాడితో అరిచి అరిచి నా గొంతు పోయింది. మొన్నటికి పట్టుకున్నాడు. అచ్చం నేను రంగూన్లో వాయించినట్టే! ఈ చెయ్యి పోతే పోయింది, నా దెబ్బ మిగిలిందనుకున్నాను.”

“అది... మీ దగ్గర పట్టుకున్నది కాదండీ.”

“నా దగ్గర కాకపోతే? ఈ జిల్లాలో డ్రమ్ముల ముందు కూర్చున్నవాడు ఇంకెవడున్నాడు?”

“సరోజ.”

“ఏ సరోజ?”

“మనకెంతమంది సరోజలున్నారండీ? బడయ్యాక వెంకట్రాజు వాళ్ల మిల్లు షెడ్డులో డ్రమ్ములు చెబుతోంది. మీ శిష్యులంతా అక్కడే. మీ దగ్గర తిట్లు తిని, అమ్మాయి దగ్గర నేర్చుకుంటున్నారు.”

“దానికి నేనేం నేర్పలేదే!”

“నేర్పలేదు.”

“ఆడపిల్లకెందుకని పుల్లలు లాక్కున్నానే!”

“లాక్కున్నారు. అది గోడవతల కూర్చుని వినేది. బియ్యండబ్బా మీద వాయించుకునేది.”

“నువ్వు చూస్తూ ఊరుకున్నావా?”

“ఓసారి చెప్పబోతే కంచం విసిరారుగా.”

“సరే. సరే. అయిందేదో అయింది. రేపు వెంకట్రాజే కూర్చుంటాడు. సరోజ మాట ఎత్తకు. తాగిన దొరల ముందు నా కూతురు... ఎత్తకు, అంతే!”

“రేపు ఆయన రారండీ.”

“రాడా?”

“నిన్ననే వచ్చారు. వెంకట్రాజే గూడెంలో దింపుకున్నాడు. ‘వినాల్సింది నన్ను కాదండీ, ఈవిణ్ణి’ అని సరోజని కూర్చోబెట్టాడట. ఇవాళ అది వెళ్లింది బడికి కాదు. ఆయనా, ఆయన భార్యా వెంటబెట్టుకుని మద్రాసు మెయిలెక్కించారు.”

“నన్నడక్కుండా!”

“అడిగితే పంపుతారా? నేనే పంపాను.”

“నువ్వు... నువ్వా! ఏం మనుషులే మీరు! ఇంట్లో నేనొకణ్ణున్నాననైనా...”

“అరవకండీ. డాక్టరుగారు వద్దన్నారు.”

“డాక్టరు నోరు పడ! ...బాగా వాయించిందటా?”

“సగంలోనే ఆయన లేచి నిలబడిపోయారట.”

“నిలబడడూ మరి! రంగూన్లో నన్ను విన్నవాడే వాడు. ఆ దెబ్బ గుర్తుపట్టి ఉంటాడు. గురువెవరని అడిగే ఉంటాడు. అడిగాడా, లేదా?”

“అడిగారు.”

“మరి చెప్పవే! ఏమంది?”

“ఎవరూ లేరందండీ.”