నిరుటి బస్సు

తనకు ఏకాంతం ఇష్టమా, లేక జనమంటే రోతా? చిలకలూరిపేట దాటాక, శ్రీశైలం పాదయాత్ర దారి నుంచి కాలువ గట్టు చీలేచోట మాస్టారు తనను తానే ప్రశ్నించుకొని, బావ వైపు తిరిగారు.

"అడుగడుక్కీ మజ్జిగ పందిళ్ళు, ఫ్లెక్సీలు, సెల్ఫీలు. అది యాత్రా బావా, పెళ్ళి ఊరేగింపా?"

"మరి గట్టు మీద ఏముందోయ్, మిరప ఘాటూ తుమ్ములూ తప్ప?"

"నడక ఉంది."

"నిరుడూ ఇదే కూసి, వినుకొండలో బస్సెక్కావు. ఎవరూ చూడని దారే నీకెందుకు కావాలో నాకు తెలీదా?"

"ఎవరు చెప్పారు?"

"నీకు టికెట్ కొట్టిన కండక్టరు మా వీధివాడే."

మాస్టారు పర్సూ ఫోనూ తీసి బావ చేతిలో పెట్టారు.

"శ్రీశైలంలో ఇవ్వు."

"దారిలో అన్నమో?"

"మిరప కల్లాల దగ్గర జనాన్ని అడుక్కుంటాను," అని మాస్టారు గట్టు మీదికి నడిచారు.