బుడగ మీద దెబ్బ వేయకు

ఆగు నాయనా, ఆగు. ముందా గొడ్డలి కింద పెట్టు. అసలు నిన్ను పిలిచిందెవరు? డెట్రాయిట్‌లో పెద్దమనిషి ఓ కారులో కాసేపు కూర్చునే యోగం కూడా లేదా? ముసలాయన ఇరుక్కుపోయాడని ఎవడో పిరికివాడు కేక పెట్టాడట. ఫైరింజన్ గంట వాయించుకుంటూ దిగబడిపోవడమేనా?

చెవి ఇటు పెట్టు. అక్కడ కాదు, అది దీపం. అంటే దీపంలా ఉంటుంది, వెలగదు. పక్కనున్న వెండి గొట్టం కూడా కాదు, అది ఉత్త అందానికి. దాని కింద చిల్లుల పళ్ళెం ఉంది చూడు, అదీ. ఈ బండికి కిటికీలు లేవు కదా, నెత్తిన ఈ అద్దపు బుడగ ఒక్కటే, అందుకే బయటివాళ్ళతో మాట్లాడ్డానికి మైకు పెట్టాం. ఆఁ, ఇప్పుడు వినిపిస్తోందా? నీ గొంతూ నాకు బాగానే వినిపిస్తోంది, అరవక్కర్లేదు.

పేరేమిటన్నావ్? డెలనీ. మంచి పేరు. ఇదిగో డెలనీ, నెమ్మదిగా వెనక్కి తిరిగి జనంలోకి చూడు. మరీ అలా దొంగను పట్టుకునేవాడిలా తిరక్కు. మూడో వరుసలో ఆకుపచ్చ టోపీ కనిపిస్తోందా? ఈక పెట్టింది? ఆవిడే మా జోఫియా. నా పెళ్ళాం. పక్కన చేతులు కట్టుకుని కూర్చుంది మా వదిన. వాళ్ళ వెనక రెండు వరుసలూ మా చర్చివాళ్ళే. మా పేట హామ్‌ట్రామ్క్ నుంచి బస్సు మాట్లాడుకుని మరీ వచ్చారు.

ఎందుకొచ్చారంటావా? ఈ కొత్త కార్ల ప్రదర్శనలో ఈ సెలెస్ట్రా బండిని నేను నడుపుతుంటే కళ్ళారా చూద్దామని. వాళ్ళందరి ఎదుటా నువ్వీ బుడగ పగలగొట్టి, గుడ్డులోంచి కోడిపిల్లను తీసినట్టు నన్ను బయటికి తీస్తే, వచ్చే ఆదివారం చర్చిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను?

ప్రమాదమేమీ లేదు. తాళంచెవి ఆర్డెల్ మెడలో ఉంది. వెండి గౌను వేసుకుని రోజూ ఈ సీట్లో కూర్చునే అమ్మాయి. ఇవాళొక్క ఆట నేను కూర్చుంటానమ్మా అన్నాను. మహా సంతోషంగా బూట్లు విప్పి చేత్తో పట్టుకుని హాట్‌డాగ్ తినడానికి పోయింది, మెడలో తాళంచెవితో సహా. దాని కోసం మా పైఅధికారి ప్రాట్ పరిగెత్తాడు. వచ్చేస్తాడు.

లోపలి నుంచి తెరుచుకోదా అనా? తెరుచుకోదు. నేను మట్టితో నమూనా చేసినప్పుడు లోపల చక్కని పిడి పెట్టాను. ప్రాట్ వచ్చి బొటనవేలితో అదిమేశాడు. గీత చెడిపోతోందట. మరి మనిషి బయటికి రావడమెలాగండీ అని అడిగాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి ఏమన్నాడో తెలుసా?

"లుడ్విక్, భవిష్యత్తులోకి వెళ్ళినవాడు బయటికెందుకొస్తాడయ్యా?"

అదీ హోల్డెన్ ప్రాట్ అంటే. మా కంపెనీ కార్లకు రూపురేఖలు దిద్దే చోట ఆయనే పెద్ద. ఊదారంగు సూటు, తెల్ల బూట్లు. మనమేమో పందొమ్మిదివందల యాభై ఆరులో ఉన్నామట, ఈ బండి మాత్రం ఎనభైలోదట. ఎనభై వచ్చేదాకా నేను లోపలే ఉండాలేమో.

అయినా నేనెవరనుకున్నావు? లుడ్విక్ మజూరెక్. కాగితం మీద గీతలు ఎవడైనా గీస్తాడు. ఆ గీతకు ఒళ్ళూ ఒంపూ తెచ్చేవాణ్ణి నేను. బంకమట్టితో నేను కారు చేశానంటే, దాని నునుపు మీద ఈగ వాలలేదు. ఒకటి వాలింది, జారి కాలు విరగ్గొట్టుకుంది. నవ్వకు. కుంటుకుంటూ ఎగిరిపోవడం ఈ కళ్ళతో చూశాను.

ఒకసారి మట్టి కారుకు వెండిపొర అంటించి ఎండలో నిలబెట్టాం. ఛైర్మన్ గారు వచ్చి, నిజం కారే అనుకుని, ఇంటికెళ్ళిపోదామని తలుపు పిడి పట్టుకు లాగారు. పిడి ఊడి చేతిలోకి వచ్చేసింది. పెద్దింటి బిడ్డ కదా, ఏమీ ఎరగనట్టు దాన్ని జేబులో వేసుకుని టాక్సీ పిలిపించుకున్నారు. ఆ పిడి ఇప్పటికీ ఆయన బల్ల మీద కాగితాలెగరకుండా కాపలా కాస్తోందని చెప్పుకుంటారు.

ఈ తోకరెక్కలున్నాయే, వెనక ఆకాశంలోకి లేచినవి, ఇవెవరివి? నావే. ఆ మట్టిలో గంధకం ఉంటుందయ్యా, మహా ఘాటు. ఓ రోజు తుమ్ము ముంచుకొచ్చింది. చేతిలో కత్తి జారి వెనక మడ్గార్డు మీద మట్టి ఇంత ఎత్తున లేచి నిలబడింది. చదును చేద్దామనుకునేలోపు ప్రాట్ వచ్చాడు. చూశాడు. కళ్ళు మూసుకున్నాడు. ముట్టుకోకండి, రేపటి రోజు పుట్టింది అన్నాడు. నా తుమ్ముకి పుట్టింది నాయనా రేపటి రోజు!

ఇక అక్కణ్ణుంచి పొద్దున వచ్చి ఇంకాస్త పెంచమంటాడు, సాయంత్రం వచ్చి ఇంకాస్త. పెంచీ పెంచీ చివరికి బండి గుమ్మంలోంచి బయటికి రాలేదు. రెక్కలు తగ్గిద్దామా అన్నాను. గోడ పడగొట్టమన్నాడు. గోడదేముందయ్యా, మళ్ళీ కట్టుకోవచ్చు అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆయనకు దణ్ణం పెట్టాలి. బండిని బయటికి తెచ్చిన రోజున ఊళ్ళో పావురాలన్నీ బారులు కట్టి దాని వెనక పడ్డాయి, తమ పెద్దన్న ఊరినుంచి వచ్చాడనుకుని.

ఏయ్, ఏయ్. మళ్ళీ ఎత్తుతున్నావేం గొడ్డలి?

చెమటా? చెమట పట్టదూ మరి, నెత్తిమీద అన్ని దీపాలు పెట్టి వేయిస్తుంటే? మా పనిచోట మట్టిని వెచ్చబెట్టే పొయ్యి ఉంటుంది. మధ్యాహ్నం సాసేజ్ అందులోనే పెట్టుకుంటాం. ఇప్పుడా సాసేజ్ మనసులో ఏముంటుందో నాకు తెలుస్తోంది. అయినా ఓర్చుకుంటాను. ఊపిరికి లోటు లేదు, కింద గాలి వచ్చే దారి ఉంది. ఎలా ఉందో తర్వాత చెబుతాను.

మా చర్చి ఎవరి పేరు మీదో తెలుసా నీకు? సెయింట్ ఫ్లోరియన్. మీ ఫైరింజన్ వాళ్ళ దేవుడే. ఎప్పుడైనా ఆయన బొమ్మ సరిగ్గా చూశావా? చేతిలో నీళ్ళ బకెట్టు ఉంటుంది. గొడ్డలి ఉండదు. అదీ మర్యాద. ఆయన పేట మనిషిని ఆయన కొలువులో ఉన్నవాడివి నువ్వే గొడ్డలితో కొడతావా?

అలా దింపు. నా తండ్రే.

ఈ బుడగ లోకంలో ఇంకోటి లేదు డెలనీ. ఊదినవి ఊదినట్టు పగిలిపోతుంటే, ఇదొక్కటి నిలిచింది. ఎంతకాలం నిలుస్తుందిలే? సోమవారం బండిని ముక్కలు చేస్తారు. కంపెనీ పద్ధతి అది, చూపించడం అయిపోయాక ఉంచరు. కొత్త ఏడాదికి కొత్త కల. కాబట్టి ఇదే ఆఖరి ఆట. ఇవాళ జోఫియా చూడకపోతే ఇక చూసేదేమీ ఉండదు.

ఏమిటీ?

మళ్ళీ అను.

నడిపేది నువ్వే అయితే, ఇలా ఉడికే బదులు బండిని నడుపుకుంటూ తెర వెనక్కి పోవచ్చుగా అనా?

తెలివైనవాడివి. ఫైరింజన్ వాళ్ళలో తెలివైనవాళ్ళుండరని మా వదిన అంటుంది. ఆవిడ మొదటి మొగుడు మీవాడే.

ఇంకాస్త దగ్గరికి రా. ఆ పళ్ళేనికి చెవి ఆనించు. ఎవరైనా వింటున్నారా? సరే. పైన పటారం, లోన లొటారం అంటారు చూడు, ఆ మాట పుట్టిందే ఈ బండి కోసం. దీనికి ఇంజను లేదు.

నిజంగా లేదు. ముందు ఆ పొడుగాటి మూత కింద ఉత్త ఖాళీ. అణుశక్తితో నడుస్తుందని ప్రాట్ వేదిక మీద చెబుతాడే, భవిష్యత్తు ఎంత నిశ్శబ్దంగా వస్తుందో చూడండంటాడే, అదంతా ఆ ఖాళీ గురించే. ఆ ఖాళీలో అడుగున పలక ఉండదు. అందులో ఓ పొట్టి మనిషి వంగి నిలబడి, అడ్డకర్ర పట్టుకుని, నేల మీద అడుగులేసుకుంటూ బండిని నెట్టుకుపోతాడు, గానుగెద్దులా. చుట్టూ వెండి అంచు నేలదాకా ఉంటుంది కదా, కాళ్ళు కనిపించవు. వాద్యాలు మొదలవుతాయి, బండి కదులుతుంది, జనం లేచి నిలబడతారు.

ఆ మనిషి ఎవరంటావా? నన్ను చూశావుగా, ఎంత పొడుగున్నానో. ఇంకెవరు పడతారు అందులో?

షికాగోలో నెట్టాను, క్లీవ్‌లాండ్‌లో నెట్టాను. ఒకసారి లోపల తుమ్మాను. హాలంతా వినిపించింది. మిగులు శక్తి విడుదలవుతోంది, భయపడకండి అన్నాడు ప్రాట్. చప్పట్లు కొట్టారయ్యా నా తుమ్ముకి. తెర పడ్డాక మాత్రం గట్టిగా చెప్పాడు. "లుడ్విక్, ఇంజను మాట్లాడకూడదు. తుమ్మకూడదు." ఆయన నాకు పెట్టిన షరతు అదొక్కటే.

చప్పట్లు వినేవాణ్ణి. కొట్టేవాళ్ళను ఒక్కసారీ చూడలేదు. లోపల చీకటి, నా మోకాళ్ళు నాకే కనిపించవు. అలాంటివాడు ఇంటికెళ్ళి ఏం చెప్పాలి నువ్వే చెప్పు? నేనే నడుపుతానని చెప్పాను. పేపర్లో ఆర్డెల్ ఫొటో చూసి మా వదిన ముక్కు విరిచింది. ఫొటోకి అమ్మాయి కావాలిలే, ఆటకి మగాడు కావాలన్నాను. నమ్మారు. జోఫియా కూడా నమ్మింది. నా మేజోళ్ళు కుట్టేటప్పుడు మాత్రం ఒకటే గొణుగుడు. కారు నడిపేవాడి మేజోళ్ళు అరికాళ్ళలో ఇలా అరుగుతాయా అని. బ్రేకు గట్టిదే అని చెప్పాను.

ఇక ఇవాళ్టి సంగతి. బూట్లు తుడుచుకుని, ఆదివారం కోటు వేసుకుని ఇందులో ఎక్కి కూర్చున్నాను. బుడగ మూసుకుంది. తెర లేచింది. అదుగో ఆకుపచ్చ టోపీ. వాద్యాలు మొదలయ్యాయి. నేను చక్రం పట్టుకుని, గడ్డం పైకెత్తి, బండి కదలడం కోసం ఎదురుచూశాను.

నవ్వు, పర్వాలేదు నవ్వు. నిజంగానే ఎదురుచూశాను డెలనీ. వాద్యాలు మొదలైతే బండి కదలాలి, ఇన్నాళ్ళూ అలాగే కదిలింది. ఒక పాట అయిపోయింది. రెండోది ఎత్తుకున్నారు. అప్పుడు తట్టింది, ఇంజనొచ్చి డ్రైవరు సీట్లో కూర్చుంటే బండి ఎలా కదులుతుందని.

వాళ్ళకి అబద్ధాలు చెబుతూ చెబుతూ నేనే నమ్మేశాను.

నీకు పెళ్ళయిందా? అయిందా. మరి నువ్వేం చెబుతావు ఇంట్లో? మంటల్లోంచి ఎంతమందిని మోసుకొచ్చావ్ ఇప్పటిదాకా? ఊఁ? గొంతు పెంచు. ఒక పిల్లినా? మంటల్లోంచి కూడా కాదూ, చెట్టుమీంచి దింపావా? సరే, మంచి పనే. ఇంట్లో ఏమని చెప్పావు?

బిషప్ గారినా?

పిల్లిని దింపి బిషప్ గారిని దింపానని చెప్పావా! ఓరి నా నాయనా. నేను నీ ముందు ఏపాటివాణ్ణి? మనిద్దరం ఒక తల్లి కడుపున పుట్టాల్సినవాళ్ళం. అందుకే చెబుతున్నాను, గొడ్డలి అవతల పారేసి నా మాట విను.

అదుగో ప్రాట్ వస్తున్నాడు. చేతిలో తాళంచెవి. ఆయన్ని ఆపు. ఆపమంటుంటే. పరీక్ష చేయకుండా బుడగ తెరిస్తే మిగులు శక్తి బయటికొస్తుందని చెప్పు. ఆయన మాటే కదా, ఆయన కాదనలేడు. తెర దించమను.

దించారా. ఇప్పుడు మూత పక్కన చిన్న తలుపుంది, దూరు. టోపీ తీసెయ్, రెక్కలున్న బండే గానీ నీ టోపీ పట్టదు. నీ భుజాలకు కొంచెం ఇరుకే, ఊపిరి బిగబట్టు. బూట్లు కూడా విప్పు, చప్పుడవుతాయి. నా కోటు జేబులో ఇంకో జత మేజోళ్ళున్నాయి, ఇద్దామంటే ఈ బుడగొకటి మధ్యలో. పోనీలే. అడ్డకర్ర దొరికిందా? ఎడమకాలు ముందు. అవతలి తెరదాకా, ఒక్కసారే. ఆ తర్వాత ప్రాట్ బుడగ తెరుచుకున్నా సరే, నువ్వు పగలగొట్టుకున్నా సరే.

తెర లేస్తోంది. వాద్యాలు. ఊఁ, కానియ్.

కదిలింది. డెలనీ, కదిలింది! నెమ్మది, నెమ్మది, ఇది మంటల దగ్గరికి పరుగు కాదు. అలా, పెళ్ళిలో నడిచినట్టు. భలే ఇంజనువి నువ్వు. లేచి నిలబడ్డారు చూడు, నీకు కనిపించదులే, నేను చెబుతాను. హాలంతా లేచింది. మా వదిన కూడా లేచింది, ఆవిడ చేతులు విడివడ్డాయి. నేను చెయ్యి ఊపుతున్నాను. ఒక చేత్తో చక్రం, ఒక చెయ్యి గాల్లో. ఎంతమందయ్యా! ఇంతమంది ఉండేవాళ్ళా రోజూ?

జోఫియా... జోఫియా నా వైపు చూడటం లేదు.

వంగి చూస్తోంది. బండి అడుగున, వెండి అంచు కింద. ఈక ఊగుతోంది. నవ్వుతోంది. చేతిసంచీ తెరిచింది. సంచీలోంచి ఏదో తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ఉన్ని మేజోళ్ళు. కొత్తవి.

ఏం లేదు. ఏం లేదంటుంటే. ఏమైందని అడగకు, నడు. ఇంజను మాట్లాడకూడదు.