తెర మీది పిట్టలు

చీకటి పడుతుండగా వాతావరణ కేంద్రంలో రాడార్ తెర మీద పచ్చటి మబ్బొకటి లేచింది. అక్కడ పనిచేసే అక్క వెంటనే, ఊరి మధ్యనున్న అద్దాల మేడ బాగోగులు చూసే తమ్ముడికి ఫోన్ చేసింది.

“మీ మేడ దీపాలన్నీ ఆర్పెయ్యరా.”

“వానొస్తోందా అక్కా?”

“వానైతే గాలివాటున పోతుంది. ఇది గాలికి ఎదురొస్తోంది. వలస పిట్టలు, వేలల్లో ఉన్నాయి.”

“మా ఓనరు నా తాట తీస్తాడు.”

“నిరుడు ఆ దీపాలకు దారితప్పి, అద్దాలకు కొట్టుకుని చచ్చిన పిట్టల్ని తట్టకెత్తింది నువ్వే కదరా.”

కాసేపటికి టకటకా స్విచ్చులు పడుతున్న చప్పుడు ఆమెకు వినిపించింది.

“ఆర్పేసి డాబా మీదికొచ్చాను. నెత్తి మీంచే పోతున్నాయి అక్కా, ఒకదాన్నొకటి పిలుచుకుంటూ. ఇలా అరుస్తాయని నీకు తెలుసా?”

“నాకెలా తెలుస్తుందిరా, ఇన్నేళ్లూ తెర మీద చుక్కలే చూశాను. ఫోన్ కాస్త పైకెత్తి పట్టుకో.”