పత్తి గదిలో ఊపిరి

ప్రత్తిపాడులో అందరూ నమ్మే మాట ఒకటుంది. తూకం పెరగడానికి పత్తి మీద ఇక నీళ్ళు చల్లనని మాబు సాహెబ్ పెద్దకొడుకు కొత్త సంవత్సరం నాడు ఒట్టేసుకున్నాడట. అందుకే చనిపోయిన సాహెబ్ కోపంతో వచ్చి పత్తి గదిలో వేడి ఊపిరి వదులుతున్నాడట. ఆ తెల్లవారుజామున అన్నదమ్ములిద్దరూ గది తలుపు తీశారు.

“చూడన్నా, కుప్ప మీద ఆవిరి ఎలా లేస్తోందో.”

అన్న మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. లోపల జ్వరమొచ్చిన ఒంటిలా కాలుతోంది.

“నాన్న బతికున్నన్నాళ్ళూ నీళ్ళు చల్లే అమ్మాడు. నువ్వు మానేశావు.”

“నచ్చకపోతే నాతో చెప్పాలిగానీ, పత్తికి జ్వరం తెప్పిస్తాడట్రా?”

“వేళాకోళం వద్దు. కాసేపట్లో లారీ వస్తుంది. రెండు బిందెలు చల్లితే శాంతిస్తాడు.”

“ఊరందరి ముందూ అన్న మాటరా అది. ఈ ఏడాదైనా నా మాటకు నేను కట్టుబడాలి.”

“ఆయన ఊరుకోడన్నా.”

“వసారాలో కుప్ప కూడా అదే చేనుది. దాని పక్కనే నేను పడుకుంటున్నాను. చల్లగా ఉంది. అక్కడికి రాడా నాన్న?”

తమ్ముడు చేతిలోని తాళంచెవిని జేబులోకి తోశాడు.

“ఈ గది తాళం ఎవరి దగ్గరుంటుందిరా?”

“నష్టపోతామని భయమేసిందన్నా.”

“లారీని రావద్దని చెప్పు. ఇదంతా ఎండలో ఆరబోద్దాం.”

అన్న చెయ్యి బయటికి తీశాడు. వేళ్ళు తడిగా ఉన్నాయి. నీళ్ళు చల్లి కుప్ప పోసిన పత్తి దానంతటదే వేడెక్కుతుంది.